నీటి ధార వంగిన పూట

మదనపల్లెలో ఇంటర్ చదివే రోజుల్లో మూలకాలన్నీ నాకు మనుషుల్లాగే కనిపించేవి. ఫ్లోరిన్‌కు నాలుగు, ఆక్సిజన్‌కు మూడున్నర, హైడ్రోజన్‌కు రెండు పాయింట్ ఒకటి. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే ఆశ ఎవరికెంతో చెప్పే ఆ ఋణవిద్యుదాత్మకత పట్టికలో మునిగిపోయి, పుంగనూరు బస్సులో దిగాల్సిన స్టాపు ఎన్నిసార్లు దాటిపోయానో. అక్కా నేనూ ఒకే దుప్పటి కప్పుకుంటే పొద్దున లేచేసరికి ముప్పాతిక అక్క మీదే ఉండేది. ఎలక్ట్రాన్లను ఇద్దరూ సమంగా పంచుకోని ధ్రువ బంధమంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఎమ్మెస్సీ అయిన ఏడాది కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు డెమో క్లాసుకు పిలిచారు. అప్పటికే రెండు చోట్ల గొంతు పెగలక వెనక్కి వచ్చాను. ఇదీ పోతే ఇక ఉద్యోగం మాట ఎత్తొద్దని నాయన తేల్చి చెప్పేశాడు. బయలుదేరే ముందు అమ్మ నా తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించింది.

"కొత్త పనికి ఎండు తలతో పోతారా యాడైనా?" అంది. నేనూ కాదనలేదు.

నేను చూపించాలనుకున్నది చిన్న ప్రయోగం. దువ్వెనను తలకు రుద్ది, కుళాయి నుంచి సన్నగా జారే నీటి దగ్గర పెడితే ధార దానివైపు వంగుతుంది. ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ తేడా ఒకటి పాయింట్ నాలుగు కాబట్టి నీటి అణువుకు ఒక కొస కాస్త ఋణం, ఇంకో కొస కాస్త ధనం. కిరసనాయిలులో కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ ఉన్న తేడా సున్నా పాయింట్ నాలుగే. అది ఎంత బతిమాలినా వంగదు.

ల్యాబులో పిల్లల వెనక ప్రిన్సిపాల్ నిలబడ్డాడు. దువ్వెన రుద్ది చూపించాను. ధార నిటారుగా దిగింది. మళ్లీ రుద్దాను, మళ్లీ అంతే. నూనె జిడ్డుకు విద్యుత్తు నిలవదన్న సంగతి ఇంత చదువు చదివినదానికి అప్పుడు తట్టింది. చూస్తే ముందు వరుసల్లోని ఆడపిల్లలందరి జడలూ నా జడలాగే నిగనిగలాడుతున్నాయి. పారిపోదామనిపించింది.

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచింది. గుడుపల్లె నుంచి వస్తుందని తర్వాత తెలిసింది.

"నాది ఎండు తల మేడం. నా తలకు రుద్దండి."

దువ్వెనను సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, ఆమె జుట్టుకు రుద్దాను. ధార మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినట్టు, దువ్వెన వైపు వంగింది. ఆ కాసేపూ నాకు ప్రిన్సిపాలూ లేడు, ఉద్యోగమూ లేదు. పదిహేడేళ్ల వయసులో బస్సు కిటికీ పక్కన ఊహించుకున్నదంతా కళ్ల ముందు తళతళలాడుతూ జారుతోంది.

"రేపట్నించి రండమ్మా," అని ప్రిన్సిపాల్ వెళ్లిపోయాడు. పిల్లలూ వెళ్లారు. ఆ అమ్మాయి ఒక్కతే బెంచీ మీద ఉండిపోయింది. సంతోషం పట్టలేక పరాచికాలకు దిగాను.

"ఈ పొద్దు నూనె యాల పెట్టుకోలేదమ్మా? నన్ను కాపాడేదానికేనా?"

"మా నాయన పోయి తొమ్మిది దినాలు మేడం. పదకొండు దాటేదాకా మేమెవరమూ నూనె పెట్టం. ఇంట్లో ఉంటే ఏడుపొస్తాండాదని వచ్చేసినా."

ఉద్యోగం వచ్చిందని అమ్మకు ఫోన్ చేయడానికి బయలుదేరినదాన్ని, బ్యాగు బల్ల మీద పెట్టేసి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.