దిగేవాళ్ల ముఖాలు

మొన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వెళ్లే బస్సులో నా ముందు సీటులో ఒక తల్లి నిమ్మకాయను గోటితో గీరి, కూతురి ముక్కు దగ్గర పట్టుకుంది. ఆ పచ్చి వాసన, దాని వెనుకనే ఎండకు కాగిన రెక్సిన్ వాసన తగలగానే నేను చేతిలోని పుస్తకం మూసి కిటికీ వైపు తిరిగాను. బస్సులో పుస్తకం తెరవకూడదన్నది నాకు తెలిసిన నియమమే. డెబ్బై దాటిన తరువాత కూడా అప్పుడప్పుడు దాన్ని ఉల్లంఘిస్తాను, ఉల్లంఘించినప్పుడల్లా పోశవ్వ గుర్తుకు వస్తుంది. "బస్సుల బుక్కు చదువుతె కండ్లు ఒక దిక్కు, కడుపు ఒక దిక్కు పోతయి సారు" అనేది ఆమె. వైద్యులు ఇదే సంగతిని ఇంతకంటే చాలా పొడవుగా చెబుతారని తరువాతి కాలంలో తెలుసుకున్నాను.

నేను గణితోపాధ్యాయుడిగా ఎల్లారెడ్డిలోని ఒక ఉన్నత పాఠశాలలో చేరేనాటికి పోశవ్వ అక్కడ చాలాకాలంగా ఆయా. గదులు ఊడ్చడం, కుండలలో నీళ్లు నింపడం, పిల్లలు వాంతి చేసుకుంటే బూడిద చల్లి కడగడం ఆమె పనులు. అంతకుముందు బీడీలు చుట్టేదట. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఏదో చుడుతున్నట్టే కదులుతుండేవి. ప్రధానోపాధ్యాయుడి నుంచి ఆరో తరగతి పిల్లల వరకు అందరినీ "నువ్వు" అనేది. మొదట్లో దానిని నేను క్రమశిక్షణా లోపంగా పరిగణించాను. చెప్పులు విడిచే చోట కూడా సున్నంతో గీతలు గీయించి, తరగతికొక వరుస కేటాయించినవాడిని నేను. ఆ గీతల మీదుగా చీపురు పట్టుకొని నడుస్తూ ఆమె ఒకనాడు, "చెప్పులకు సుత హాజరు ఏస్తవా సారు?" అని అడిగింది. సమాధానం చెప్పడం నా స్థాయికి తగదని భావించి ఊరుకున్నాను.

పదో తరగతిలో స్వరూప అనే అమ్మాయి ఉండేది. లింగంపేట వైపు ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేది. వారానికి మూడు రోజులు ప్రార్థన ముగిసిన తరువాతనే గేటు దాటేది. ఆలస్యమైనవాళ్లు మొదటి పీరియడ్ అంతా వరండాలో నిలబడాలన్నది నా నియమం. ఆమె ఎదురు చెప్పకుండా నిలబడేది. ఒకరోజు పోశవ్వ బకెట్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఆ పిల్లకు బస్సు పడదు సారు. ఊరి బయటనే దిగి నడిచొస్తది. బడి ముంగట దిగినంక కక్కితే అందరు చూస్తరని."

"బస్సు పడకపోవడం అలవాటు లేకపోవడం వల్ల వస్తుంది. మనసు గట్టిగా ఉంటే కడుపు కూడా గట్టిగానే ఉంటుంది" అన్నాను.

పోశవ్వ బకెట్ ఎత్తుకొని వెళ్లిపోయింది. పిల్లలు ఆ అమ్మాయిని "కక్కుడు స్వరూప" అని పిలుస్తున్నారని నాకు అప్పటికే తెలుసు. అది పిల్లల సంగతి, పాఠశాల నియమావళికి సంబంధించినది కాదు అనుకున్నాను. ఇక్కడ నేను మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు కూడా బస్సు పడదు. చిన్నప్పటి నుంచీ పడదు. ఏ ప్రయాణంలోనైనా డ్రైవరు పక్కన ముందు సీటులో కూర్చుని, దారిని తప్ప మరి దేనినీ చూడకుండా గడిపేవాడిని. ఎవరైనా అడిగితే పర్యవేక్షణ కోసమని చెప్పేవాడిని. ఈ రహస్యం ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఆ సంవత్సరం పదో తరగతి పిల్లలను హైదరాబాదు పొలిమేరలోని ఒక వినోద ఉద్యానానికి తీసుకువెళ్లాలని నిర్ణయించారు. ఏర్పాట్లు సహజంగానే నాకు అప్పగించారు. అక్కడ ఏయే ఆటలు ఉంటాయో ముందుగా కనుక్కొని, పిల్లలను హాజరు సంఖ్యల ప్రకారం ఆరు జట్లుగా విభజించి, ఏ జట్టు ఎన్ని గంటలకు ఏ ఆట ఎక్కాలో పట్టిక తయారుచేశాను. అందరూ అన్నీ ఎక్కాలి, ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండకూడదు. ఆ పట్టిక నాకు ఎంతో తృప్తినిచ్చింది. ఆడపిల్లలకు తోడుగా పోశవ్వ కూడా రావలసి ఉండటంతో ఆమెకు దానిని చదివి వినిపించాను. చివరి వరకు విని నవ్వింది.

"పెండ్లి బంతి అనుకున్నవా సారు, వరుసగ కూసోబెట్టి అందరికి ఒక్కతీరుగ వడ్డించనీకి? గుండ్రంగ తిరిగేది అందరికి పడ్తదా?"

"అందరికీ సమానంగా అవకాశం ఇవ్వాలి పోశవ్వా."

"అవకాశం ఇస్తున్నవో, శిక్ష వేస్తున్నవో!"

ప్రయాణం రోజు ఉదయం పిల్లలకు పూరీలు పెట్టవద్దని, పేలాలు పెట్టమని ఆమె చెప్పింది. నేను పూరీలే పెట్టించాను, పట్టికలో అలాగే ఉంది కనుక. రామాయంపేట దాటకముందే బస్సు రెండుసార్లు ఆపవలసి వచ్చింది. స్వరూప మాత్రం ఏమీ తినకుండా, కిటికీ చువ్వను పట్టుకొని, పెదవులు బిగించి కూర్చుంది. ముందు సీటులో నేను కూడా అలాగే కూర్చున్నాను.

ఉద్యానంలో అడుగుపెట్టిన కాసేపటికే పోశవ్వ కనిపించలేదు. ఆడపిల్లలను వదిలి ఆమె ఎక్కడికి వెళ్లినట్టు? కోపంతో వెతుకుతూ పోతే, రంగురంగుల పెద్ద గిన్నెలు గిరగిరా తిరిగే ఆట దగ్గర, బయటికి వచ్చే దారిలో కనిపించింది. ఉద్యానంలో నేల తుడిచే ఒక స్త్రీ పక్కన నేల మీద కూర్చొని ఉంది. ఇద్దరూ ఆకువక్క నములుతూ మాట్లాడుకుంటున్నారు. పోశవ్వ చూపు మాత్రం ఆ స్త్రీ మీద లేదు, తిరిగే గిన్నెల మీద కూడా లేదు. దిగి వస్తున్నవాళ్ల ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

"ఆట చూస్తున్న సారు."

"ఆట అటు ఉంది."

"ఎక్కేటప్పుడు అందరు నవ్వుతరు. ఎక్కేటోళ్లను చూస్తె ఏమెరుకైతది? దిగేటోళ్లను చూడాలె." తరువాత పక్కనున్న స్త్రీని చూపించింది. "ఈ చెల్లెను అడిగిన, అన్నిట్ల ఎక్కువ ఏది కడుగుతవు అని. ఈ గిన్నెలదే అంట. బకెట్ పొద్దంత గీడ్నే ఉంటదంట. ఊగే పడవల కొసకు కూసుంటె తిప్పుతది, నడిమిట్ల కూసుంటె అంత అనిపియ్యదంట. పెద్ద చక్రం నిమ్మళంగ పోతది, దూరం చూసుకుంట కూసోవాలె. నీళ్లల్ల జారుడుకు రంది లేదు. తిన్నంక మాత్రం గంట సేపు ఏది ఎక్కద్దు."

"ఉద్యానం వాళ్లే సూచనలు రాసి పెట్టారు. అవి చాలు."

"కక్కినోళ్లు మర్చిపోతరు సారు. కడిగినోళ్లు మర్చిపోరు" అంది.

నా పట్టిక ప్రకారం భోజనం కాగానే మొదటి జట్టు గిన్నెలు ఎక్కింది. దిగేటప్పుడు వాళ్లలో ముగ్గురు కడ్డీని పట్టుకొని వంగిపోయారు. నేల తుడిచే ఆమె బకెట్ తెచ్చింది. రెండో జట్టు వరుసలో నిలబడి ఉంది, అందులో నాలుగో స్థానంలో స్వరూప. వెనుక నుంచి ఎవరో "కక్కుడు స్వరూప వస్తుంది, గొడుగులు తెచ్చుకోండ్రి రా!" అన్నారు. అందరూ నవ్వారు. పోశవ్వ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి చేయి పట్టుకొని, "రా బిడ్డా, నాకు తోడు ఉండు" అంది.

స్వరూప చేయి విడిపించుకుంది. "నేను ఎక్కుత అవ్వా. ఎక్కి కక్కితె కక్కిందంటరు, ఎక్కకుంటె భయపడ్డదంటరు. బడి అయిపోయేదాంక గదే పేరు. ఎక్కుడే నయం."

పోశవ్వ అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె గొంతు తగ్గించడం నేను మొదటిసారి విన్నాను.

"నువ్వు చెప్పు సారు."

"ఏమని?"

"నీకు పడదని."

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవలు చెప్పాలె? ఊరికి పోయొచ్చినప్పుడల్ల బడి ముంగట బస్సు దిగంగనే నీ ముఖం చూస్తలేనా ఇన్నేండ్ల సంది? ముందు సీటుల ఎందుకు కూసుంటవో నాకు ఎరుకే. ఆ పిల్ల ఈ పేరు ఇంక మొయ్యలేదు సారు. నువ్వు పెద్దోనివి, మోస్తవు."

ఉపాధ్యాయుడి బలహీనత విద్యార్థులకు తెలియకూడదని నాకు శిక్షణలో నేర్పారు, నేనూ ఇతరులకు నేర్పాను. కాబట్టి నేను కదలలేదు. గేటు తెరుచుకుంది. పిల్లలు ఒక్కొక్కరుగా లోపలికి నడిచారు. స్వరూప పసుపు రంగు గిన్నెలో కూర్చుంది, ఆట నడిపే మనిషి కడ్డీ బిగించాడు. ఆమె కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే తిప్పడం మరింత ఎక్కువవుతుందని నాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఎందుకో తెలియదు, ఆ మూసిన కళ్లను చూసిన తరువాత ఇక నిలబడలేకపోయాను. చేయి ఎత్తి, ఆట మొదలుపెట్టవద్దని కేకవేశాను.

"పిల్లలారా!" అన్నాను, ప్రార్థన సమావేశంలో మాట్లాడే గొంతుతోనే. నాకు మరొక గొంతు లేదు. "ఒక విషయం తెలియజేయవలసి ఉంది. నాకు గుండ్రంగా తిరిగేవి పడవు. బస్సు కూడా పడదు. ముందు సీటులో నేను కూర్చునేది పర్యవేక్షణ కోసం కాదు. ఈ గిన్నె ఎక్కితే నేను మీ అందరి ముందు వాంతి చేసుకుంటాను. నాలాంటివారు ఎవరైనా ఉంటే దిగి నా వెంట రండి. పోశవ్వకు మంచి ఆటలు తెలుసు."

ఆ తరువాత మొదలైన నవ్వు చాలాసేపు ఆగలేదు. "సారుకే పడదంట రా!" "సారు గిన్నెకు దండం పెట్టిండు!" అని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఆ నవ్వుల నడుమ స్వరూప కళ్లు తెరిచి నన్ను చూసింది. కడ్డీ తీయమని తనే ఆట మనిషిని అడిగి దిగి వచ్చింది. ఆమె వెనుక మరో తొమ్మిది మంది వచ్చారు. వాళ్లలో వాలీబాల్ జట్టు నాయకుడు కూడా ఉన్నాడు. అతనిని నేను ఊహించలేదు.

పోశవ్వ మమ్మల్ని గంటసేపు నీడలో కూర్చోబెట్టింది. అటు తరువాత పడవలో నడిమి వరుస, ఆపైన పెద్ద చక్రం, చివరికి నీళ్ల జారుడు. ప్రతి ఆటకూ ముందు తాను వెళ్లి దిగేవాళ్లను ఒక విడత చూసి వచ్చి, తల ఊపితేనే మేము ఎక్కాం. స్వరూప నీళ్ల జారుడు ఐదుసార్లు దిగింది. తిరుగు ప్రయాణంలో ముందు సీటులో నా పక్కన చోటిచ్చాను. ఇద్దరం దారిని తప్ప ఇంకేమీ చూడలేదు. కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి చేరేదాకా బస్సు మా కోసం ఆపవలసిన అవసరం రాలేదు.

సోమవారం నాడు నల్లబల్ల మీద కళ్లద్దాలు పెట్టుకున్న ఒక గిన్నె బొమ్మ ఉంది. కింద పేరు రాయలేదు, అవసరం లేకపోయింది. మధ్యాహ్నానికల్లా బడి అంతటా నా పేరు "గిన్నెల సారు". గీసినవాళ్లు నిలబడాలని నోటి దాకా వచ్చింది. బొమ్మ తుడిచి, పాఠం మొదలుపెట్టాను. గది బయటికి వచ్చేసరికి పోశవ్వ వరండా ఊడుస్తోంది.

"ఏంది సారు, బరువుందా?"

"ఉంది" అన్నాను.

"ఉంటది మరి" అని ఊడ్చుకుంటూ పోయింది.

ఆ తరువాత నా పద్ధతి కొంత మారింది. ఏ పట్టిక తయారుచేసినా ముందుగా ఆ పని జరిగే చోటును శుభ్రం చేసేవాళ్లను అడగడం అలవాటు చేసుకున్నాను. ప్రధానోపాధ్యాయుడిని అయిన తరువాత మధ్యాహ్న భోజనం ఎలా ఉందని వంటవాళ్లను అడగలేదు, పళ్లేలు కడిగే ఆమెను అడిగేవాడిని. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి, ఎలా వచ్చారో కనుక్కున్న తరువాతనే మాట్లాడేవాడిని. చెప్పుల గీతలు మాత్రం అలాగే ఉంచాను. పోశవ్వ నాకంటే ముందే ఉద్యోగం మానింది. ఆమె పోయినప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను, కబురు పదకొండో రోజుకు గాని అందలేదు. స్వరూప ఆ ఏడాది పది పూర్తిచేసి, కామారెడ్డిలో ఇంటర్మీడియట్‌లో చేరిందని విన్నాను. ఆపైన ఏమైందో నాకు తెలియదు.

గత నెల కామారెడ్డి కూరగాయల మార్కెట్‌లో ఒక నడివయసు మనిషి నా ఎదుట ఆగి నమస్కరించాడు. నా విద్యార్థే. పక్కనున్న కూతురితో, "ఈయననే బిడ్డా, మా గిన్నెల సారు" అని చెప్పి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"గిన్నెల సారు అంటే ఏంది నాయినా?" అని ఆ పాప అడిగింది.

అతను తల గోక్కున్నాడు. "ఏమో బిడ్డా. మేం బడిల చేరేటాళ్లకే ఆ పేరు ఉండె. ఎందుకొచ్చింది సారు?"

నిలబడిన తీరు సరిగా లేదని అతనిని మందలించి, పాప ఏ తరగతి చదువుతున్నదో అడిగాను. ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పలేదు. చెబితే దానికంటే ముందు ఒక అమ్మాయి మోసిన పేరు కూడా చెప్పవలసి వస్తుంది. ఇక్కడ ఆ అమ్మాయికి నేను రాసిన పేరు కూడా ఆమెది కాదు.