మా బడి గోడ మీద లాటిన్ సూక్తి

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, చేతికి ఫోను వచ్చింది గానీ ఆ ఫోనులోకి ఇంకా బొమ్మలు రాని రోజులు) మా చోడవరంలో సూక్తి లేని గోడంటూ ఉండేది కాదు. సెలూన్లో అద్దం పైన ఒకటి, బస్సులో డ్రైవరు సీటు వెనక ఒకటి, బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన డైరీలో పేజీకొకటి. ఇప్పుడవన్నీ గోడలు దిగి ఫోన్లలోకి ఎక్కేశాయి. పొద్దున్నే లేచి చూస్తే సూర్యోదయం బొమ్మ, పక్కన కాఫీ కప్పు, కింద ఎవరో మహానుభావుడు చెప్పిన మాట. ఆ మహానుభావుడు నిజంగా ఆ మాట చెప్పాడా అని మా ఇంట్లో ఇప్పటి పిల్లలు నిలదీస్తూ ఉంటారు. నేను మాత్రం నోరెత్తను. ఆ విషయంలో నాది పాత నేరం ఒకటి ఉంది.

ఇంగ్లీషు ఎమ్మే పాసయ్యి మూడేళ్లు ఖాళీగా తిరిగాక చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో నాకు ఉద్యోగం దొరికింది. మా ఊరు వడ్డాది పక్కన. నాన్న బెల్లం వండేవాడు. సొంత పొలం కాదు, ఎవరి చెరకు ఆడినా పెనం దగ్గర నిలబడడానికి ఆయన్ని పిలిచేవారు. చెరకు రసం పెద్ద పెనంలో మరుగుతూ ఉంటే, ఆ బుడగలు చూసి పెనం ఎప్పుడు దించాలో చెప్పడమే ఆయన పని. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. అందుకని రోలుగుంట దాకా రైతులు ఆయన కోసం కబురు పెట్టేవారు. చదువు మూడో తరగతి. కొడుక్కి మేస్టారు ఉద్యోగం వచ్చిందని పెనం చుట్టూ ఉన్నవాళ్లందరికీ, అడిగినా అడక్కపోయినా, చెప్పుకునేవాడు.

మా కరస్పాండెంటు గారికి రెండే పిచ్చులు. ఒకటి పిల్లల మెడలో టై, రెండోది సూక్తి. రోజూ ప్రార్థనలో ఒక పిల్లాడు మైకు ముందుకొచ్చి ‘థాట్ ఫర్ ది డే’ చదవాలి. అదే గేటు దగ్గర నల్లబల్ల మీద కూడా రాయాలి. రాయించే బాధ్యత ఇంగ్లీషు మేస్టారిది, అంటే నాది. దానికొక నియమం ఉంది. సూక్తి కింద దాన్ని చెప్పినవాడి పేరు ఉండి తీరాలి. ఒకరోజు నేను పేరు మర్చిపోతే ఆయన నన్ను తన గదికి పిలిచి, కోపం లేకుండానే, “పేరు లేపోతే అది థాట్ ఎలగవుతుంది మేస్టారూ, మాటవుతుంది గానీ” అన్నారు. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, లోకంలో సూక్తుల సంగతి అంత సూక్ష్మంగా చెప్పిన మనిషి ఇంకొకరు నాకు తగల్లేదు.

సూక్తుల పుస్తకం ఒకటి ఉండేది. విశాఖ బస్టాండులో కొన్నదట, అట్ట ఊడిపోయింది. నాకంటే ముందున్న మేస్టారు ఉద్యోగం మానేస్తూ దాన్ని కూడా పట్టుకుపోయారు. నాకు కంఠతా వచ్చిన సూక్తులు పదిహేను రోజుల్లో అయిపోయాయి. పదహారో రోజు పొద్దున్న నాన్నకి చద్దన్నం ఇవ్వడానికి పెనం దగ్గర ఆగాను. ఖాళీ గిన్నె తీసుకుని బయల్దేరాలి, ఆయనేమో పెనం మీంచి చూపు తిప్పడం లేదు. “తొందరగా దించు నాన్నా, బడికి టైమైపోతోంది” అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే, “పాకానికి తొందర నేదురా, వండేవోడికే తొందర” అన్నాడు. ఆ మాట నేను చిన్నప్పట్నించీ వెయ్యిసార్లు విన్నదే. పరీక్షలు తప్పినప్పుడు అన్నాడు, ఉద్యోగం రానప్పుడు అన్నాడు. ఒక్కసారి కూడా అది వినదగ్గ మాట అని నాకు తోచలేదు.

బడికి వెళ్లేసరికి గంట కొట్టబోతున్నారు. చేతిలో సుద్దముక్క ఉంది, బుర్రలో ఏమీ లేదు. దారి పొడుగునా చెవిలో తిరుగుతున్న మాట అదొక్కటే. సరే అని, ‘ద సిరప్ ఈజ్ నెవర్ ఇన్ ఎ హరీ, ఓన్లీ ద కుక్ ఈజ్’ అని బల్ల మీద రాసేశాను. రాశాక చెయ్యి ఆగిపోయింది. కింద పేరు రాయాలి. నాన్న పేరు రాస్తే? టైలు కట్టుకున్న పిల్లల ముందు బెల్లం వండే మనిషి పేరు రాయడానికి నాకు సిగ్గేసింది. అప్పుడైతే టైము లేకపోయింది అనుకుని సర్దుకున్నాను గానీ, అది సిగ్గే. నా చంకలో డిక్షనరీ ఉంది. దాని వెనక పేజీల్లో లాటిన్ మాటల జాబితా ఉంటుందని గుర్తొచ్చింది. అంతే, ‘లాటిన్ సేయింగ్’ అని గీత గీసి పడేశాను. (లాటిన్ అంటే మా ఊళ్లో కొత్తేం కాదు. బోనఫైడ్ అన్నది లాటిన్ మాటే, ఆ సర్టిఫికెట్ కోసం బడి చుట్టూ తిరగని తండ్రి ఎవరున్నారు గనక.)

అది కరస్పాండెంటు గారి మనసులో నాటుకుపోయింది. మర్నాడు చెరిపేస్తుంటే వద్దన్నారు. మార్కులు తక్కువొచ్చాయని దెబ్బలాటకు వచ్చిన తల్లిదండ్రులకి అదే చెప్పి పంపించడం మొదలుపెట్టారు. “అమ్మా, సిరప్ తొందర పడదు. లాటిన్‌లో ఉంది” అనేవారు. ఆ తల్లి ఇంకేం అడగలేక వెళ్లిపోయేది. నెల తిరిగేసరికి ఆటో వెనక ఒకటి, ఒక ఆయుర్వేదం మందుల షాపు బోర్డు మీద ఒకటి, మా నాన్న మాట ఇంగ్లీషులో చోడవరం అంతా తిరగసాగింది. నాకు లోపల గర్వంగానూ ఉండేది, దొంగసొమ్ము దాచుకున్నట్టు బెదురుగానూ ఉండేది.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. కొత్తగా కట్టిన ముందు గోడ మీద, విశాఖలో పెద్ద స్కూళ్లకి ఉన్నట్టు, లాటిన్ భాషలోనే ఒక సూక్తి ఉండాలని కరస్పాండెంటు గారు నిర్ణయించారు. “మన సిరప్ సూక్తే పెడదాం మేస్టారూ. ఒరిజినల్ పట్రండి, పెయింటరు రేపొస్తన్నాడు” అన్నారు. ఒరిజినల్ పెనం దగ్గర కూర్చుని బీడీ కాల్చుకుంటోందని ఎలా చెప్పను? ఉద్యోగం మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చింది. ఆ సాయంత్రం డిక్షనరీ వెనక పేజీలు ముందేసుకుని, ఇక్కడో ముక్క అక్కడో ముక్క ఏరి, ఏడు మాటల వాక్యం ఒకటి కుట్టాను. దాని అర్థం ఏమిటో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. పెయింటరు నిచ్చెన మీంచి, “ఇదేటి భాష సార్? అక్షరం తప్పు పడితే ఎవులైనా అడుగుతారా?” అన్నాడు. ఎవరూ అడగరని చెప్పాను. “అలగైతే సులువే” అని ఈల వేసుకుంటూ రాసేశాడు.

ముఖ్య అతిథి విశాఖ నించి వచ్చిన రిటైర్డు ప్రిన్సిపాలు గారు. నోరు తెరిస్తే సూక్తులే అని పేరు. ఆయనకి లాటిన్ కూడా వచ్చునని ఎవరో అనడంతో నాకు మధ్యాహ్నం భోజనం దిగలేదు. మూడింటికి సభ మొదలవుతుండగా చివరి వరసలో నాన్న కనిపించాడు. రమ్మని నేను పిలవలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, ఆటోలో వచ్చి తనంతట తనే కూర్చున్నాడు. గోడ మీది అక్షరాలు ఆయన చదవలేడు గదా అని కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

ప్రిన్సిపాలు గారు వేదిక ఎక్కబోతూ గోడ ముందు ఆగారు. కళ్లద్దాలు సవరించుకుని ఏడు మాటలూ పెదాలతో చదివారు. కళ్లు మూసుకున్నారు. అరనిమిషం పాటు ఆయన మూసుకున్న కళ్ల వెనక నా ఉద్యోగం అటూ ఇటూ ఊగింది. కళ్లు తెరిచి, మైకు అందుకుని, “కాలేజీలో మా గురువుగారు ఈ మాట రోజూ చెప్పేవారు. ఎన్నేళ్లకి మళ్లీ చూశాను” అన్నారు. గొంతు కూడా కొంచెం వణికింది. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. తెలీదని చెప్పలేని మనుషులం ఇద్దరం ఒకరికొకరం దొరికాం. కరస్పాండెంటు గారు పక్క నించి ఇంగ్లీషులో అర్థం రాసిన చీటీ అందించారు. ఆయన దాన్ని చూసీ చూడనట్టు చూసి, మన పల్లెటూరి వాళ్లకి కూడా తెలియాలని తెలుగులో చెప్పారు. “పాకానికి తొందర లేదు, వండేవాడికే తొందర. రెండు వేల ఏళ్ల కిందట రోములో ఒక జ్ఞాని అన్న మాట ఇది.”

చివరి వరసలో నాన్న కుర్చీలోంచి సగం లేచాడు. పక్కవాళ్లు లాగితే కూర్చున్నాడు. సభ అయ్యేదాకా నేను ఆ వైపు చూడలేదు.

నాన్నని ఇంటికి నా స్కూటరు మీదే తీసుకెళ్లాను. చెరకు తోటల మధ్య రోడ్డు ఎక్కాం. నా మాట దొంగిలించి ఎవడికో ఇచ్చేశావేమిరా అంటాడని వీపు బిగబట్టుకుని బండి నడుపుతున్నాను. చివరికి, “ఒరే, రోములో కూడా బెల్లం వండుతారేటి?” అన్నాడు.

ఏమో నాన్నా, తెలీదు అన్నాను.

“వండే ఉంటారు. వండనోడికి ఆ మాట రాదు” అన్నాడు. “ఆడికీ నాలాగే సేతులు కాలుంటాయి, పాపం” అన్నాడు. గొంతులో అంత సంతోషం నేను అంతకు ముందు వినలేదు. ముప్ఫై ఏళ్లుగా పెనం దగ్గర ఒంటరిగా అంటున్న మాటకి, కొడుకు కూడా చెవిన పెట్టని మాటకి, సముద్రాల అవతల నించి ఒక తోడు దొరికింది ఆయనకి. అది నీ మాటే నాన్నా అని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ తోడుని లాక్కున్నట్టు, చెప్పకపోతే ఆయన మాటని లాక్కున్నట్టు. రోడ్డు మీద గొయ్యి వచ్చింది, బండి తప్పించాను, చెప్పడం కూడా తప్పించాను.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతకు ముందు ఆ మాట నాన్న ఊరికే అనేసేవాడు, తన చేతి గరిటెంత సొంతంగా. ఇప్పుడు, “రోమోడు అన్నాడర్రా” అని మొదలుపెట్టి అనేవాడు. పెనం చుట్టూ ఉన్న రైతులు కూడా అప్పట్నించీ ఆ మాట శ్రద్ధగా వినేవారు. కరస్పాండెంటు గారు చెప్పింది నిజమే. పేరు తగిలాక మాట థాట్ అయింది, కాకపోతే ఆ పేరు మా నాన్నది కాకుండా పోయింది.

ఇరవై ఏళ్లు దాటింది. నేను ఇంకో స్కూల్లో హెడ్మాస్టర్ని. నాన్న పెనం దగ్గరికి వెళ్లడం మానేసి చోడవరంలో మాతోనే ఉంటున్నాడు, రోజూ సాయంత్రం వీధి అరుగు మీద ఎవరో ఒకరికి పాకం సంగతులు చెబుతూ. మొన్న ఒక పాత విద్యార్థి ఆ సూక్తి నా ఫోనుకి పంపాడు. పైన గడ్డం ఉన్న పాలరాతి తలకాయ, కింద ‘లాటిన్ సూక్తి’. నాన్నకి చదివి వినిపిస్తే, “మనోడే” అని మురిసిపోయాడు. ఇక ఉండబట్టలేకపోయాను. పక్కన కూర్చుని, నల్లబల్ల దగ్గర్నించి గోడ దాకా మొత్తం చెప్పేశాను. నీ పేరు రాయడానికి సిగ్గుపడ్డాను నాన్నా, క్షమించు అన్నాను. చెబుతూంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

ఆయన అంతా విన్నాడు. నా మోకాలి మీద చెయ్యేసి, “లేదురా బాబూ. అంత మాట నానెలగంటాను? సిన్నప్పుడు ఎక్కడో ఎవులో అంటే విని ఉంటాను. నువ్వు ఆ బుక్కులో సూసి మర్సిపోయుంటావు” అన్నాడు. కాదు నాన్నా, ఆ డిక్షనరీలో లేనే లేదు, లాటిన్ నేనే కుట్టాను అని వాదించాను. “అంత పెద్ద సారు, ఇశాపట్నం నుంచొచ్చినాయన, కాలేజీలో సదువుకున్నానని సెప్పేడు కదా. ఆయన అబద్దమాడతాడేటి?” అన్నాడు. ఆయన చూపు నిండా నా మీద జాలి. ఉద్యోగం బరువుకి కొడుకు బుర్ర కొంచెం తడబడుతోందని అనుకున్నట్టున్నాడు.

తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని ఆ పాలరాతి తలకాయని చాలాసేపు చూశాడు. “కానీ ఒరే, ఇది బాగోనేదు. ఇంత మాట అన్నోడికి పేరు నేకపోతే ఎలగ? ఎవడో కష్టపడ్డోడు. నువ్వు ఇంగ్లీషు సదివినోడివి, ఎతికి ఆడి పేరు కింద రాయించు” అన్నాడు.

యాభై దగ్గర పడ్డ హెడ్మాస్టర్ని, రోజూ రెండు వందల మంది పిల్లలకి నిజం చెప్పమని బోధించేవాణ్ణి, ఆ పేరు నా పక్కనే కూర్చుని నా మోకాలు నిమురుతూ ఉంటే, “అలాగే నాన్నా, వెతుకుతాను” అన్నాను.