ఇంటీరియర్ అన్న మాట మీద గురజాల దాకా

ఆదివారం పొద్దున అయిదూ నలభైకి బాపట్ల బస్టాండులో చిలకలూరిపేట బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. చేతిసంచిలో నీళ్ళ సీసా, బీపీ మాత్రలు, ఒక లావుపాటి ఇంగ్లిషు నిఘంటువు. అరవై మూడేళ్ళ మనిషి అంత బరువు మోసుకుని పల్నాడు ఎందుకు బయల్దేరిందో ముందే చెప్పేస్తాను. లేకపోతే ఇదంతా విహారయాత్రలా వినిపిస్తుంది.

బాపట్లలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లిషు చెప్పాను. పాతికేళ్ళ కిందట గురజాల అవతలి పల్లె నుంచి ఇన్నమ్మ అనే పిల్ల వచ్చి హాస్టల్లో చేరింది. సొంత ఊరి గురించి వ్యాసం రాయమంటే, తన ఊరు సముద్రానికి దూరంగా ‘ఇంటీరియర్’లో ఉందని రాసింది. ఆ వాక్యం క్లాసులో పైకి చదివాను. “ఇంటీరియర్ అంటే ఇంటి లోపలి అలంకరణ. మీ ఊరికి కర్టెన్లు కట్టారా, సోఫాలు వేశారా?” అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట నుంచి ఆ పిల్ల ‘ఇంటీరియర్ ఇన్నమ్మ’ అయింది. తర్వాత రెండేళ్ళలో నా క్లాసులో తనంతట తాను నోరు విప్పలేదు.

పోయిన నెల స్నేహితురాలి వ్యాసం ఒకటి దిద్దుతూ ఆ మాట కోసం నిఘంటువు తీశాను. ఇంటి లోపలి భాగం అన్న అర్థం కిందనే ఇంకో అర్థం ఉంది: తీరానికి దూరంగా ఉన్న దేశం లోపలి ప్రాంతం. ఇంగ్లిషు వాళ్ళు దాన్ని అలా ఎప్పటి నుంచో వాడుతున్నారు. సముద్రం పక్కన పుట్టి, అదే భాష చెప్పి జీతం తీసుకున్న నాకు అది తెలియదు. సముద్రం చూడని పిల్ల సరిగ్గా రాసింది. పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు అడిగితే, ఒకావిడ తన ఫోన్లోంచి పంపింది. పేరు దగ్గర ఇంకా ‘ఇంటీరియర్ ఇన్నమ్మ’ అనే ఉంది. అది చూశాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఫోన్ చేసి “మీ ఊరు వస్తానమ్మా” అన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఏడున్నరకు చిలకలూరిపేట, ఎనిమిదింపావుకు నరసరావుపేట. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. కారప్పొడి అడక్కుండానే వేస్తారు, తక్కువ వెయ్యమని ముందే చెప్పుకోవాలి. తొమ్మిదికి గురజాల బస్సు దొరికింది. నకరికల్లు దాటాక రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు వచ్చి బస్సులో సగం మంది తుమ్మారు. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల పొడికి చెట్ల ఆకులు కూడా తెల్లబడ్డాయి.

పక్క సీట్లో విత్తనాల కంపెనీ ఏజెంటు ఒకాయన కూర్చున్నాడు. నేను వెళ్ళే పల్లె పేరు విని, “అక్కడికా మేడం? అది చానా ఇంటీరియర్ కదండీ” అన్నాడు. మంచి రోడ్డు లేని ఊరని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కిటికీ వైపు తిరిగిపోయాను.

పదకొండుకు గురజాలలో దిగి షేర్ ఆటో ఎక్కాను. పల్లె మొదట్లోనే చర్చి, దాని వెనక నాపరాళ్ళు పరిచిన వాకిలితో ఇన్నమ్మ ఇల్లు. చర్చిలో ఆదివారం పూజ ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల చీరలో ఎదురొచ్చింది. “ఏంది మేడం, ఈ ఎండలో అంత దూరం! నేనే వచ్చేదాన్నిగా” అంటూ సంచి అందుకుంది. ఊళ్ళోనే ప్రాథమిక పాఠశాలలో టీచరు. మంచం మీద వాళ్ళ నాన్న శౌరయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, చెవులు బాగానే వినిపిస్తాయి.

మంచినీళ్ళు తాగి, ఇక దాచుకోలేక చెప్పేశాను. ఆ రోజు తప్పు చేసింది నేనేనంటూ నిఘంటువు తెరిచి చూపించాను. ఇన్నమ్మ ఆ పేజీ చూసింది.

“నాకెప్పుడో తెలుసు మేడం. టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు డిక్షనరీలో చూశా.”

“మరి ఒక్క ఉత్తరం ముక్కన్నా రాయలేదేమమ్మా?”

“మీకు చెప్పేంతదాన్నా?” అంది. “నా క్లాసులో ఎవరన్నా తప్పు రాస్తే, ముందు ఆ మాట యాడ విన్నావని అడుగుతా” అంది. కోపంగా అనలేదు. ఆ మాట నువ్వెక్కడ విన్నావని నేనూ పాతికేళ్ళు ఆలస్యంగా అడిగాను.

“నాన్న నేర్పాడు మేడం. మా చర్చిలో ఉన్న దొర ఫాదర్ గారి దగ్గర జీపు తోలేవాడు. పల్లెలు తిరగబోయే ముందు ఆయన, శౌరయ్యా ఇవాళ ఇంటీరియర్ పోవాలి అనేవాడంట. సెలవులకొచ్చి, ఆ మాట తప్పంట నాన్నా, అందరూ నవ్వారు అని చెప్పా. అప్పటిదాకా ఊళ్ళో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి మురిసిపోయేవాడు. ఆ రోజుతో మానేశాడు.”

నేను శౌరయ్య మంచం దగ్గరికి వెళ్ళాను. “మీ మాటే ఒప్పండీ. నేనే తెలియక తప్పన్నాను. నన్ను క్షమించండి” అన్నాను.

ఆయన కంగారుగా లేవబోయాడు. “అదేంది తల్లీ, మీరట్టా అనకూడదు. చదువుకున్నోరు మీరు, మీరు తప్పు చెప్పడమేంది?”

“ఫాదర్ గారు ఒప్పే అన్నారు, మీరు ఒప్పే విన్నారు. ఇదిగో, పుస్తకంలో ఉంది.”

“ఆయన ఒప్పే అనుంటాడు. నేనే ఇంకోటేదో విన్నుంటా. జీపు తోలేవోడికి ఇంగ్లీషెందుకమ్మా? పిల్లకి చెప్పి దాన్ని నగుబాటు చేశా.” రెండు చేతులూ జోడించి, “తప్పు నాదే. పిల్ల మీద మనసులో ఏం పెట్టుకోమాకండి” అన్నాడు.

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. చదువు చెప్పిన నా మాట పోకుండా కాపాడుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. ఇన్నమ్మే నా చెయ్యి పట్టుకుని, “వదిలెయ్యండి మేడం, ఆయనిక మారడు” అని భోజనానికి లేపింది. గోంగూర, కోడికూర వండింది. కొసరి కొసరి వడ్డించింది. వడ్డించిందంతా తిన్నాను.

రెండున్నరకు గురజాలలో తిరుగు బస్సు. ఈ దారిన వచ్చేవాళ్ళు ఎడమవైపు సీటు చూసుకుంటే మధ్యాహ్నం ఎండ తప్పుతుంది. నాకు కుడివైపే దొరికింది. పల్నాడు నేల రాయిలా ఉంటుందని విన్నాను గాని, అక్కడి మనిషి ఎదుటివాళ్ళ తప్పును తన నెత్తిన వేసుకోవడం చూసింది ఇదే మొదటిసారి. ముప్ఫై ఏళ్ళలో ఎర్ర సిరాతో ఎన్ని మాటలు కొట్టేశానో, వాటి వెనక ఏ ఇంట్లో ఎవరు మాట్లాడటం మానేశారో అనుకుంటూ కూర్చున్నాను.

పక్కన పత్తి తీతకు పోయి వస్తున్న ఒకామె నా వంక చూసి, “ఏం పని మీదొచ్చారక్కా?” అంది.

“నేను చేసిన తప్పొకటి చెప్పుకోవడానికొచ్చానమ్మా.”

“చెప్పుకున్నారా?”

“చెప్పాను. నమ్మలేదు.”