సరి తుమ్ములు, బేసి తుమ్ములు

ఆ రోజుల్లో లెక్కల టీచరంటే ఎలా ఉండాలో నాకొక ఊహ ఉండేది. గంజి పెట్టిన చీర, చేతిలో బెత్తం, చూడగానే పిల్లలకు వణుకు. ఎనభైల్లో బి.ఇడి. ముగించి, వినుకొండ అవతల ఒక ఊళ్ళోని ఆడపిల్లల హైస్కూల్లో చేరేనాటికి వీటిలో నా దగ్గర ఉన్నది గంజి చీర ఒక్కటే. (అదీ మధ్యాహ్నానికల్లా నలిగిపోయేది.) ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కలన్నీ నావే. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, నా పాఠం చూసి, బాగుందని రాసి సంతకం పెడితేనే పర్మనెంటు. లేదంటే గుంటూరులో మా నాన్నగారు కాచుక్కూర్చున్నారు. "ఆ ఎండల్లో నీకెందుకమ్మా ఈ యాతన, వచ్చెయ్" అని ఇంటికెళ్ళినప్పుడల్లా ఒకటే పాట. నాకేమో వెళ్ళాలని లేదు. ఆ పిల్లలంటే ప్రాణమైపోయింది.

మిరపకాయల కాలంలో సగంమంది కోతలకు పోయేవారు. మిగిలినవాళ్ళందరినీ పెద్ద టీచరుగారు (అంటే మా హెడ్మిస్ట్రెస్) పొడుగాటి వరండాలో కూర్చోబెట్టి, "అందరికీ నువ్వే చెప్పమ్మా" అనేసేవారు. ఒక చివర ఆరో తరగతికి భిన్నాలు, ఇంకో చివర పదో తరగతికి త్రికోణమితి, మధ్యలో నా పరుగులు. బడి గోడ అవతలే మిరపకాయలు ఎండబోసే కల్లం. ఎండిన కాయలను బస్తాలకెత్తే రోజున గాలి ఇటు తిరిగిందంటే వరండా అంతా తుమ్ములే. అసలు పేచీ తుమ్ములతో కాదు, పట్టింపుతో. ఒంటి తుమ్ము వినబడిందా, మా పిల్లలు లెక్క మొదలుపెట్టరు. పెన్నులు కింద పెట్టి రెండో తుమ్ము కోసం ఎదురుచూస్తారు. "ఒంటి తుమ్ము టీచర్, మంచిది కాదు" అంటారు. చర్చికి వెళ్ళే పెద్ద టీచరుగారు, "శకునాలేంటే పిచ్చిపిల్లలూ, ప్రార్థన చేసుకుని రాయండి" అని కసిరేవారు గానీ, తుమ్ము వినబడితే ఆవిడ చేతిలో కలమూ ఆగేది. (నేను కళ్ళారా చూశాను.) తిట్టీ తిట్టీ విసుగొచ్చి చివరికి దాన్నే పాఠం చేసేశాను. ఆరో తరగతికి సరి సంఖ్యలూ బేసి సంఖ్యలూ తుమ్ములతోనే నేర్పాను. ఎవరు తుమ్మినా "బేసి!" అని అరవడం, మళ్ళీ తుమ్మితే "సరి!" అనడం. పెద్ద పిల్లలకూ ఈ సరదా అంటుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇన్‌స్పెక్టరుగారు ఏరి కోరినట్టు బస్తాలకెత్తే రోజునే దిగారు. పాఠం నిక్షేపంగా సాగింది. ఆయన రిపోర్టు రాసేసి, సంతకం పెట్టబోతూ గట్టిగా తుమ్మారు.

"బేసి!" అంది వరండా అంతా ఒక్క గొంతుతో.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. మెల్లగా పెన్నుకి మూత పెట్టేశారు. "ఒంటి తుమ్మండీ," అన్నారు పెద్ద టీచరుగారితో, నసుగుతూ. "కాసేపాగి చేస్తాలెండి." ఆగితే బస్సు వెళ్ళిపోతుంది, ఆయన బస్సుకి పరిగెడితే సంతకం మళ్ళీ ఏడాదికే. అందాకా మా నాన్నగారు ఊరుకోరు. అందరం ఆయన ముక్కువైపే చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు గాలి తిరిగింది. ఆ ఘాటుకి మొత్తం ఎన్ని తుమ్ములయ్యాయో దేవుడికే ఎరుక. సద్దుమణిగాక ఇన్‌స్పెక్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతకీ ఇప్పుడు సరా, బేసా?" అని నన్నడిగారు.

పదో తరగతి వరసలోంచి లాయరమ్మ లేచింది. (ప్రతి మెట్టుకీ "ఎందుకు టీచర్?" అని వాదించేది కాబట్టి ఆ పేరు.) "మొత్తం లెక్కెట్టక్కర్లేదండీ సార్. బేసిసార్లు తుమ్మినోళ్ళు లేచి ఇద్దరిద్దరు జత కడితే చాలండీ. రెండు బేసులు కలిపితే సరి వచ్చుద్ది. ఒంటిగా ఎవరూ మిగలకపోతే మొత్తం సరేనండీ. ఏయ్, లేవండే!"

ఆరో తరగతి పిల్లలు పదో తరగతి పిల్లల చేతులు పట్టుకుని నిలబడ్డారు. పెద్ద టీచరుగారు "నావి రెండే" అని హుందాగా కూర్చునే ఉన్నారు. "మరి మీవెన్ని సార్?" అంది లాయరమ్మ. "మూడమ్మా" అని ఇన్‌స్పెక్టరుగారు బుద్ధిగా లేచారు. చూస్తే అందరికీ జతలున్నాయి, ఆయనొక్కరే ఒంటరి. ఆయన మొహం చిన్నబోయింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మా టీచరు కూడా తుమ్మారండీ, ఒకేసారి! నేను చూశాను!" అంటూ లాయరమ్మ నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆయన పక్కన నిలబెట్టింది.

"సరి!" అన్న అరుపుకి కప్పు లేచిపోయిందనుకున్నాను. ఆయన పకపకా నవ్వుతూ సంతకం పెట్టి, బ్యాగు చంకన పెట్టుకుని బస్సుకి పరిగెత్తారు.

బడి వదిలాక లాయరమ్మను పిలిచి, "నేను నిజంగా తుమ్మానుటే?" అని అడిగాను. నాకైతే గుర్తులేదు.

"తుమ్మకపోతే మీరు గుంటూరు ఎల్లిపోరూ?" అంది.

ఆ సంగతి నేను పిల్లలతో ఎప్పుడూ అనలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు నిరూపణలు దిద్దాను, ఆధారం లేని మెట్టు కనబడితే సున్నా పెట్టేస్తుందని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం, తను తుమ్మిందో లేదో కూడా తెలియని ఆ వెర్రి టీచరు ఆ పిల్లను దగ్గరకు లాక్కుని భోరున ఏడ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిణ్ణి చూసి నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.