సూదితో గీసిన సినిమా

మీరు చూసి చేతులు జోడించిన బొమ్మను ఎవరు తయారుచేశారో, ఏ పనిముట్టుతో తయారుచేశారో మీరెప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. చిన్నతనంలో ఒక సినిమా మా అందరిచేతా పట్టుబట్టి ఆ ప్రశ్న అడిగించకపోతే నేనూ అడిగేదాన్ని కాదు.

పోయిన వారం కిచెనర్ అనే ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంటు సర్దుతుంటే, చిక్కుపడిన దీపాల తీగల కింద గుండ్రటి రేకు డబ్బా ఒకటి దొరికింది. మూత తీయగానే వెనిగర్ సీసా ఒలికినట్టు గుప్పున పుల్లటి వాసన వచ్చింది. పాత ఫిల్ము కుళ్ళిపోయేటప్పుడు వచ్చే వాసన అది. మా మనవరాలు ముక్కు మూసుకుని, "ఈజ్ దట్ పికిల్, అమ్మమ్మా?" అంది. "పికిల్ కాదే, సినిమా" అన్నాను. అది పకపకా నవ్వి మెట్లెక్కి పోయింది. నేను మాత్రం ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఆ పులుపు వెనకాలే తడిసిన ఉన్ని వాసన, దాని వెనకాల నూనెలో వేగుతున్న పిండి వాసన, అన్నిటికీ వెనకగా మంచు వాసన వచ్చాయి. మంచుకు వాసన లేదనేవాళ్ళు రెజైనాలో పెరగలేదన్నమాట.

నేను పెరిగిన ఆ రెజైనా ఊళ్ళో చలికాలం ఒక ఋతువులా కాక ఒక దేశంలా ఉండేది. అందులోకి ప్రవేశించాక బయటికి దారి ఎటో తెలిసేది కాదు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల నిండా మంచు పువ్వులు, ఆకులు, ఈకలు పేరుకుని ఉండేవి, వాటిని గోటితో గీస్తే గీసిన చోటల్లా అవతలి వెలుతురు సన్నటి దారంలా లోపలికి వచ్చేది, నేను ఆ దారాలను చూస్తూ చూస్తూ మళ్ళీ నిద్రలోకి జారుకుంటే అమ్మ వచ్చి రగ్గు లాగేసేది. వసంతం వస్తే వీధులన్నీ కాలువలు. ఐస్ తిని దాచుకున్న పాప్సికిల్ పుల్లలు ఆ నీళ్ళలో పడవలై వెళ్ళిపోయేవి. వేసవిలో దోమలు, ఎంతకీ ఆరని పగలు. కోతలకాలంలో ఊరి బయటనుంచి గోధుమ పొట్టు గాలిలో తేలివచ్చి మా తలల మీద, ఆరేసిన బట్టల మీద, నాన్న మీసాల మీద బంగారు నుసిలా వాలేది. మళ్ళీ మంచు పడగానే, బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు సీసాలో పోసుకుని, గట్టిపడిన మంచు మీద ఎర్రటి గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. మా అమ్మలు గుంటూరులో ఆడిన ఆటే. ఎర్ర గళ్ళు మాత్రం మావి.

ఆ ఆటలో గ్రేసి ఎప్పుడూ గెంతేది కాదు. గ్రేసి, మా పక్క వీధి సుగుణ ఆంటీ ఒక్కగానొక్క కూతురు, నా ఈడుది. పుట్టుకతోనే దాని గుండెలో చిన్న కన్నం ఉంది. నాలుగడుగులు పరిగెత్తితే పెదాలు నేరేడుపండు తిన్నట్టు నీలంగా మారిపోయేవి. అందుకని దాన్ని మంచు మీద జారే స్లెడ్డు బండి మీద కూర్చోబెట్టి మేమంతా లాక్కెళ్ళేవాళ్ళం. అది వెనకనుంచి, "ఫాస్టర్, హార్సెస్!" అని అరిచేది. అలిసిపోయావా అని ఎవరు అడిగినా, "ఐ యామ్ నాట్ టయర్డ్!" అని ముందే సిద్ధంగా ఉండే జవాబు, ఊపిరి అందక మధ్యలో తెగిపోతూ. ఆపరేషన్ చేసి ఆ కన్నం పూడ్చేస్తే అందరిలాగే పరిగెత్తుతుందని, ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు పాడై ఆపరేషన్‌కు కూడా పనికిరాకుండా పోతుందని డాక్టర్లు చెప్పారు. ఎండాకాలం రాకముందే చేద్దామన్నారు. సుగుణ ఆంటీ సరేనంది గానీ, ఆ రోజునుంచి ఆవిడ చేతులు ఊరికే ఉండటం నేను చూడలేదు. ఎప్పుడూ ఏదో తుడుస్తూ, ఏదో మడతపెడుతూ ఉండేది.

క్రిస్మస్ ముందు మా తెలుగు కుటుంబాలన్నీ ఒక చర్చి బేస్‌మెంటులో కలిసేవి. హీటర్ మీద వరసగా ఆరేసిన చేతితొడుగులు, పెద్ద కెటిల్లో మరుగుతున్న కాఫీ, బెల్లం దొరక్క బ్రౌన్ షుగర్‌తో చేసిన అరిసెలు. బాపట్లనుంచి పెట్టెలో వచ్చిన ఇనుప అచ్చును మరిగే నూనెలో ముంచి సుగుణ ఆంటీ గులాబీ పువ్వులు వేస్తుంటే, అచ్చునుంచి విడివడి ఒక్కొక్క పువ్వు నూనెలో మెల్లగా తిరిగేది. ఆశీర్వాదం అంకుల్ ప్రార్థన చేసేవారు. మనుషులందరి కోసం, దేశాలన్నిటి కోసం ఆయన ప్రార్థించి ముగించేసరికి పులిహోర చల్లారిపోయేది. మా అమ్మది క్రైస్తవ కుటుంబం. నాన్నది తెనాలిలో సభలు పెట్టి దేవుడున్నాడా లేడా అని తెల్లవార్లూ వాదించిన తండ్రి పెంపకం. నాన్న ఆ బేస్‌మెంటుకు వచ్చేది పులిహోర కోసం, వాదన కోసం. రెండూ ఆయనకు చల్లగా ఉన్నా పరవాలేదు.

అమ్మ లైబ్రరీలో పనిచేసేది. ఆ రోజుల్లో పుస్తకాల్లాగే సినిమా డబ్బాలు కూడా అరువిచ్చేవాళ్ళు, ప్రొజెక్టరుతో సహా. ఆ ఏడు పిల్లల కోసమని అమ్మ ఒక పొట్టి సినిమా తెచ్చింది. మావాళ్ళు వలస వచ్చిన ఈ దేశంలోనే, మేం పుట్టకముందు తీసింది. కెమెరా లేకుండా తీసింది. నల్లటి ఫిల్ము మీద సూదితో, కత్తిమొనతో ఒక మనిషి బొమ్మ వెనక బొమ్మ గీశాడు. శబ్దాన్ని కూడా ఫిల్ము అంచున గీశాడు. ఇదంతా అమ్మ ముందే చెప్పింది గానీ అరిసెల గోలలో ఎవరు వింటారు?

దీపాలార్పారు. చీకటి తెర మీద తెల్లటి గీత ఒకటి వణుకుతూ పుట్టింది. అది రెండై, వానై, వలై, గోధుమ చేనై, చేపల గుంపై, మళ్ళీ ఒంటరి గీతయింది. మనిషి గొంతూ కాని, వాయిద్యమూ కాని ఒక చప్పుడు టకటకమంటూ దాని వెంట నడిచింది. నా జన్మలో అంత అందమైనది చూడలేదనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. ఇంతలో రెండు గీతలు ఎదురుబొదురుగా దూసుకొచ్చి, కంటిరెప్ప వేసేంతసేపు, తెర నడిమధ్య ఒక సిలువలా మెరిసి మాయమయ్యాయి.

"ప్రభువా!" అన్న కేక వినబడింది. సుగుణ ఆంటీ నేలమీద మోకరించి ఉంది. ఆశీర్వాదం అంకుల్ "ఆమెన్" అన్నారు. ఆ ఒక్క మాటతో గీత దేవుడి గుర్తయిపోయింది, గుర్తు వాగ్దానమైపోయింది. "నా బిడ్డను కొయ్యనివ్వను. ఆయనే బాగుచేస్తానన్నాడు" అని ఆంటీ ఆ వారమే హాస్పిటల్‌కు కబురు పంపి ఆపరేషన్ వద్దనేసింది. ఆవిడ భర్త నైట్ డ్యూటీల మనిషి. "దానిష్టం" అని తల వంచుకున్నాడు.

నాన్న కోపంతో వాళ్ళింటికి వెళ్ళాడు, నేను తోకలా వెంటపడ్డాను. "మీ అమ్మాయి సంగతి చెప్పడానికి దేవుడికి లైబ్రరీ కార్డు కావాల్సొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"గాడిద చేత మాట్లాడించినోడికి లైబ్రరీ ఒక లెక్కా అన్నయ్యగారూ?" అందావిడ, చేతిలో తువ్వాలు మడతపెడుతూనే.

బైబిల్లో మాట్లాడిన గాడిద నాన్నకూ తెలుసు. ఆయన వెంట తెచ్చిన సినిమా డబ్బా మూత తీశాడు. ఫిల్ములో ఆ ముక్కను కిటికీ వెలుతురుకు పెట్టి భూతద్దంతో చూపించాడు. ముందు బొమ్మలో గీతలు దగ్గరికొస్తున్నాయి, తర్వాతి బొమ్మలో దాటిపోతున్నాయి, మధ్య బొమ్మలో ఒకదాన్నొకటి కోస్తున్నాయి, అంతే. ఆంటీ శ్రద్ధగా చూసి, "గీసిన చెయ్యి ఎవరిదైతేనేం, గీయించినోడు ఆయనే" అంది. నాన్న గొంతు పెంచాడు. ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. చలి లోపలికొచ్చింది, మేం బయటికొచ్చాం.

ఇంటికొచ్చాక అమ్మ అంది: "ఆవిణ్ణి ఓడించాలనుకుంటున్నారు మీరు. గ్రేసిని బతికించాలనుకోండి."

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ సుగుణ ఆంటీని, గ్రేసిని భోజనానికి పిలిచింది. సిలువ మాట ఎత్తలేదు. తిన్నాక టేబుల్ తుడిచి, లైబ్రరీలో పారేసే నల్ల ఫిల్ము ఒక చుట్ట తెచ్చి పరిచి, అందరికీ తలా ఒక కుట్టుసూది ఇచ్చింది. "గీకండి, మీ ఇష్టమొచ్చినట్టు. పిల్లలకి సరదా." ఏ వైపు గీయాలో తెలియడానికి ఫిల్మును తడి పెదవికి ఆనించమంది; అంటుకున్న వైపు గీస్తే నలుపు లేచివస్తుంది. అందరం మూతులకు ఫిల్ము అంటించుకుని ఒకర్నొకరు చూసి నవ్వుకున్నాం. సుగుణ ఆంటీ మొదట "నాకెందుకు వదినా" అంది గానీ, ఊరికే ఉండలేని ఆ చేతులు సూది అందుకున్నాయి. ముగ్గులో తీగలు వేసినట్టు వేసుకుంటూ పోయింది. నాన్న కోపంగా అడ్డదిడ్డంగా గీకాడు. నేను చేపలు వేశాననుకున్నాను. గ్రేసి నాలుక బయటపెట్టి, ఎవరికీ చూపించకుండా చేయి అడ్డం పెట్టుకుని, పొడుగ్గా ఏదో గీస్తూనే ఉంది. కిటికీ అవతల మంచు పడుతోంది. సూదుల గరగర తప్ప ఇంట్లో చప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది. కలలో అది అయిపోదు.

ముక్కలన్నీ అతికించి (ఈ డబ్బాలో ఉన్నది అదే), దుప్పటి కట్టి, కర్టెన్లు వేసి, నాన్న ప్రొజెక్టరు తిప్పాడు. మొదట నా చేపలు. చేపలు కావవి, పిడుగులు. ఆ పిడుగుల మధ్య ఒక సిలువ తళుక్కుమంది. నేను సిలువ గీయలేదు. తర్వాత ఆంటీ తీగలు అల్లుకుంటూ, విడిపోతూ, బతికున్నట్టు ఊగాయి, వాటిలోనూ సిలువలు. ఆవిడా గీయలేదు. చివరికి నాన్న ముక్క వచ్చింది. దుప్పటి నిండా సిలువలే! దేవుడు లేడని జీవితమంతా వాదించిన మనిషి సూదినుంచి జల్లుజల్లుగా సిలువలు!

సుగుణ ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "అన్నయ్యగారూ! మీ దాన్లోనే ఎక్కువున్నాయండీ!"

"రెండు గీతలు గీస్తే ఒకటి ఉచితం" అన్నాడు నాన్న. ఆ రోజు మొదటిసారి ఆయన కూడా నవ్వాడు.

ఆ నవ్వులోనే గ్రేసి ముక్క మొదలైంది. దాన్లో సిలువ లేదు. ఒకే ఒక్క గీత. దుప్పటి ఎడమ అంచున పుట్టి, వణుకుతూ, ఎగురుతూ, ఎక్కడా ఆగకుండా కుడి అంచుదాకా వెళ్ళిపోయింది.

"ఏంటే అది?" అన్నాను.

"దట్స్ మీ. రన్నింగ్" అంది గ్రేసి.

ఫిల్ము అయిపోయి తోక చక్రానికి తగులుతూ టపటపమంటోంది. నాన్న ఆపడం మరిచిపోయాడు. సుగుణ ఆంటీ అంది: "రేపు పొద్దున హాస్పిటల్‌కి ఫోన్ నువ్వు చేస్తావా వదినా? నా ఇంగ్లీషు వాళ్ళకి తెలీదు." తర్వాత నాన్న వైపు తిరిగి, "ప్రభువు నాతో మాట్లాడ్డని కాదండీ. ఈ సినిమా ద్వారా మాట్లాడలేదు, అంతే" అంది. నాన్న ఏదో అనబోయాడు. అమ్మ ఒక గులాబీ పువ్వు ఆయన చేతిలో పెట్టి, "తినండి" అంది. ఆయన తిన్నాడు. మా ఇంటి వాదనల చరిత్రలో నాకు తెలిసిన గొప్ప విజయం అదే.

వసంతంలో ఆపరేషన్ అయింది. మళ్ళీ మంచు పడ్డాక స్లెడ్డు మీద నేను కూర్చున్నాను, గ్రేసి లాగింది. మెడ కిందనుంచి మొదలయ్యే సన్నటి మచ్చను స్వెట్టర్ దించి మరీ అందరికీ చూపించేది.

ఇప్పుడు ఆ చర్చిలో చర్చి లేదు, అపార్ట్‌మెంట్లున్నాయి. లైబ్రరీలో ఫిల్ములిచ్చే కౌంటరు లేదు. సుగుణ ఆంటీ లేదు, అమ్మానాన్నలు లేరు. బీట్‌రూట్ నీళ్ళతో మంచు మీద గళ్ళు గీసే పిల్లలు నాకు ఎక్కడా కనబడరు. తన బొమ్మ ఎలా తయారైందో దాచకుండా చెప్పేవాళ్ళూ తగ్గిపోయారు. గుడ్డలో నుంచి విభూతి రాల్చే బాబాల మీద, పటాల్లో కన్నీళ్ళు పుట్టించేవాళ్ళ మీద నేను నాన్న గొంతుతోనే ఇన్నేళ్ళూ రాశాను, అరిచాను. ఎంతమందిని గెలిచానో తెలియదు. గ్రేసి ఏమీ రాయలేదు. అది వాన్ అనే ఊళ్ళో ఉంటుంది. మొన్న ఫోన్ చేసి చెప్పింది: వాళ్ళ ప్రార్థన గుంపులో ఒకావిడ, ఫోన్లో ఏదో స్వస్థత వీడియో చూసి, ఇన్సులిన్ మానేసిందట. గ్రేసి గుంపులో వాదించలేదు, వ్యాసం పంపలేదు. మంచులో డ్రైవ్ చేసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళి, టీ తాగి, ఆవిడతో కలిసి ఆ వీడియోను ఆపి ఆపి మళ్ళీ మళ్ళీ చూసి, చివర్లో తన స్వెట్టర్ మెడ కిందికి దించి చూపించిందట. ఆవిడ ఆ రాత్రే మందు మళ్ళీ మొదలుపెట్టింది.

మీకూ అలా మందు మానేసిన మనిషి ఒకరు తెలుసు. చదువుతుంటేనే పేరు గుర్తొచ్చింది కదా. అత్తయ్యో, అంకులో, పక్కింటావిడో. ఈ వ్యాసాన్ని వాళ్ళకు ఫార్వర్డ్ చేయకండి. గెలవడానికి వెళ్ళకండి. కోటు వేసుకోండి, కారు తీయండి, వాళ్ళ తలుపు కొట్టండి. మందు వాళ్ళ చేతిలోకి వచ్చేదాకా అక్కడినుంచి లేవకండి.