నేను పందికొక్కు పక్షం

మా ప్రాంతంలో ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే, ప్రసాదం చేతిలో పడగానే ఇంటాయన చేసే మొదటి పని బేస్‌మెంట్ చూపించడం. మొన్న డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో ఒక కుర్ర ఇంజనీరు ఇంట్లోనూ అదే జరిగింది. గోడంత తెర, వెనక్కి వాలే కుర్చీలు, ఒక మూల పాప్‌కార్న్ మిషను. అందరూ “వావ్ అండీ” అనుకుంటూ దిగుతుంటే నేను మెట్ల మధ్యలో ఆగిపోయాను. ఎంత మెత్తటి కార్పెట్ పరిచినా, ఎన్ని అగరొత్తులు వెలిగించినా మిషిగన్‌లో నేల కింద కట్టిన గదికి ఒక వాసన ఉంటుంది. తడి సిమెంటు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వేడికి మాడిన దుమ్ము, బట్టల సబ్బు కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నాకు మళ్ళీ పన్నెండేళ్ళు వస్తాయి.

ఎనభైల మొదట్లో మేమున్న ఇల్లు డెట్రాయిట్‌కు ఉత్తరాన, అప్పుడప్పుడే మొక్కజొన్న పొలాలు తీసేసి వేసిన కాలనీలో చివరి వీధిలో ఉండేది. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. వెనక పెరడు దాటితే వాగు. దాన్ని వాగు అంటే అమెరికావాళ్ళు నవ్వేవారు, వాళ్ళకది కౌంటీవాళ్ళు, అంటే జిల్లావాళ్ళు, తవ్విన మురుగు కాలువ. కానీ దాని ఒడ్డున విల్లో చెట్లుండేవి, ఏప్రిల్‌లో కప్పల గోల నిద్ర పోనిచ్చేది కాదు, జూలైలో మిణుగురులు మా పెరట్లోకొచ్చి సీసాల్లో దూరేవి, అక్టోబరులో మేపుల్ ఆకులు ఎర్రగా రాలి నీళ్ళ మీద తేలిపోతుంటే నేనూ, అన్న మురళీ కర్రముక్కలతో పడవ పందేలు వేసేవాళ్ళం. గోంగూర దొరకని ఆ రోజుల్లో అమ్మ క్రాన్‌బెర్రీలతో పప్పు చేసేది, పుల్లటి పచ్చ యాపిల్స్‌తో ఆవకాయ పెట్టేది. దీపావళికి కాకరపువ్వొత్తులు దొరక్క, జూలై నాలుగున అమెరికా స్వాతంత్ర్య దినానికి కొన్నవి ఫర్నేస్ పక్కన అట్టపెట్టెలో దాచేవాళ్ళం.

ఆ ఏడు సెప్టెంబరులో నానమ్మ వచ్చింది. తెనాలి నుంచి రెండు పెట్టెల నిండా అప్పడాలు, కందిపొడి, ఒత్తులు చేసుకోవడానికి దూది తెచ్చింది. నేనప్పటికి పెద్దదాన్నై రెండు నెలలు. అప్పటిదాకా మా ఇంట్లో ఆ సంగతి గురించి పెద్ద పట్టింపు లేదు, అమ్మ నెలలో ఆ మూడు రోజులూ దేవుడి అలమర తలుపు తెరిచేది కాదు, అంతే. నానమ్మ వచ్చాక అమ్మకూ నాకూ బేస్‌మెంట్ కేటాయించారు. మడత మంచం, ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక దుప్పటి. ఎవరి వంతు వస్తే వాళ్ళు మూడు రోజులు కిందే.

ఆ నియమాలకు అమెరికాలో కొత్త సవరణలు వచ్చాయి. నేను నాన్న కారెక్కకూడదు, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. స్కూలు బస్సు మాత్రం ఎక్కొచ్చు. “అది గవర్నమెంటుది, దానికి మైలేంటి?” అంది నానమ్మ. శనివారం కారుకి మైలైన పిల్ల సోమవారం బస్సుకి ఎలా కాదని నేను అడిగితే, “ఇంగ్లీషు చదువుల పిల్ల, లా పాయింట్లు తీస్తోంది” అని నవ్వింది.

నానమ్మ నవ్వు మంచిది. ఆవిడ రాక్షసి అయితే ఈ వ్యాసం రాయడం నాకు చాలా తేలికయ్యేది. నేను కింద ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ పై మెట్టు మీద కూర్చుని, దూదిని తొడ మీద ఒత్తులు చేసుకుంటూ నాకు కథలు చెప్పేది. నాకు తెలుగు చదవడం రాదని తెలిసి కింద నా చేత పలక మీద అక్షరాలు దిద్దించింది. పలక పైకెత్తి చూపించాలి, ఆవిడ అక్కణ్ణుంచే తప్పులు దిద్దేది. నేను “నానమ్మ వచ్చాడు” అంటే పడీ పడీ నవ్వి, “వచ్చాడే, మీసాలు దువ్వుకుంటూ వచ్చాడు!” అనేది. ఇవాళ నేను ఆచారాల మీద నిప్పులు చెరిగే ఈ భాష ఆ మెట్ల మీద నుంచి, అంత దూరం నుంచి, ముట్టుకోకుండా నాకు అందింది. ఆ ప్రేమ నిజం. ఆ దూరమూ నిజమే. ప్రేమగా పెట్టారు కదా అని శిక్షను శిక్ష కాదనడం నాకు ఏనాడూ చేతకాలేదు.

అక్టోబరు చివర్లో వాగులోకి బీవర్లు వచ్చాయి, కుక్కపిల్లంత ఎలుకల్లాంటి నీటి జంతువులు. విల్లో కొమ్మలు కొరికి, బురద మెత్తి, మా ఇంటికి కాస్త దిగువన కట్ట కట్టేశాయి. నీళ్ళు పెరట్లోకి పాకాయి, తర్వాత నేలలోంచి బేస్‌మెంట్‌లోకి ఊరడం మొదలుపెట్టాయి. పంపు రాత్రీ పగలూ తోడినా చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి, మడత మంచం కాళ్ళు తుప్పుపట్టాయి. సరిగ్గా అప్పుడే నా వంతు వచ్చింది. నానమ్మ గరాజ్ అంది. గరాజ్‌లో గడ్డకడుతుందని నాన్న ఒప్పుకోలేదు. దాంతో నేను మేడ మీద నా గదిలో, నా మంచం మీద, కిటికీలోంచి చంద్రుణ్ణి చూస్తూ పడుకున్నాను. పొద్దున్నే అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుని ఉప్మా తిన్నాను. ఇంటికప్పు కూలలేదు. దేవుడి అలమరలో ఎవరికీ జలుబు చెయ్యలేదు.

నన్ను బయటికి తీసుకొచ్చింది నాన్న చదువు కాదు, అమ్మ జాలి కాదు, నా వాదన అసలే కాదు. రంపం లాంటి పళ్ళున్న ఒక జంతువు. ఆ క్షణం నుంచి నేను దాని పక్షం.

కౌంటీవాళ్ళు జంతువుల్ని ఉచ్చులేసి పట్టే ట్రాపర్‌ని పంపారు, పేరు కార్ల్. ఎర్ర గడ్డం, చంకల దాకా రబ్బరు బూట్లు, పాత ట్రక్కు. అతను వచ్చిన రోజు నానమ్మ కిటికీ దగ్గర నిలబడి వాగులో ఈదుతున్న బీవర్‌ని చూసి, “ఇంత పందికొక్కా!” అని నోరు నొక్కుకుంది. దాన్ని చంపడానికి మనిషొచ్చాడని తెలిసి మండిపడింది.

“కార్తీక మాసంలో జీవహింస ఏంట్రా? దాని పిల్లలేమైపోతాయి?”

“మనం చంపట్లేదమ్మా, కౌంటీ వాడు చంపుతున్నాడు,” అన్నాడు నాన్న.

పందికొక్కు పిల్లల మీద అంత దయ చూసి, ఆవిడ కూడా నా పక్షమేనని ఒక్క సాయంత్రం పాటు అనుకున్నాను.

నేను స్కూలు బస్సు దిగి నేరుగా పెరట్లోకి వెళ్ళేదాన్ని. మురళి కూడా వచ్చేవాడు. వాడికది సరదా, నాకు నా మంచం సంగతి. మొదటి రోజు కార్ల్ ఏ ట్రాపూ పెట్టలేదు. నీళ్ళలో అటూ ఇటూ నడిచి, ఎక్కడ గడ్డి అణిగిందో, ఎక్కడ ఒడ్డు నున్నగా జారి ఉందో, నీటి అడుగున బురదలో ఏ దారి లోతుగా అరిగిందో చూశాడు. అన్ని నీళ్ళున్నా బీవర్ రోజూ ఒకే దారిన పోతుందట. మర్నాడు ఆ దారిలో, నీటి అడుగున, చదరపు ఇనప చట్రం నిలబెట్టాడు. మధ్యలో రెండు సన్నటి తీగలు వేలాడుతుంటాయి, అవి కదిలితే చట్రం మూసుకుంటుంది. దానికి పైన, నీటి మట్టానికి, ఒక ఎండుకర్ర అడ్డంగా పెట్టాడు.

“ఆ కర్ర దేనికి?” అన్నాను.

“తల వంచడానికి, కిడ్. బీవర్ కర్రతో గొడవ పెట్టుకోదు. ములిగి కిందనుంచి పోతుంది. మన ట్రాప్ కిందుంది.”

తర్వాత కట్టలోంచి గుప్పెడు కొమ్మలు పీకి చిన్న గండి కొట్టాడు. నీళ్ళు కారుతున్న చప్పుడు వింటే బీవర్ ఉండలేదు, వచ్చి పూడ్చాల్సిందే. ఆ గండి ముందు ఇంకో ట్రాప్. ఒడ్డున బురద ముద్ద చేసి దాని మీద సీసాలోంచి ఏదో చిక్కటి పదార్థం పూశాడు, తోలుచెప్పుల్లో వెనిలా పోసినట్టు వాసన. అది వేరే బీవర్ వాసన. పరాయివాడు తన చోటుకొచ్చాడని ఇది పరుగెత్తుకొస్తుంది. ఎక్కడా తిండి ఎరగా పెట్టలేదతను. దాని అలవాటుతో, దాని బాధ్యతతో, పరాయివాడంటే దానికున్న అనుమానంతో దాన్ని పట్టాడు. ఆచారం మనుషుల్ని పట్టేది దేనితోనో వెతుక్కుంటూ తర్వాత నేను ఎన్నో పుస్తకాలు చదివాను గానీ, ఇంతకంటే ఎక్కువ తెలుసుకున్నది లేదు.

వెళ్ళేముందు చట్రంలో తీగల్ని ఒక మూలకు వంచాడు. ఈ వాగులో ఆటర్ తిరుగుతోంది, దాన్ని పట్టడానికి తనకు అనుమతి లేదు, అందుకని. ఆటర్ అంటే మన కృష్ణలో ఉండే నీటికుక్కే, నానమ్మకు బాగా తెలుసు. “సన్నటిది కదా, తీగ తగలకుండా జారిపోతుంది. బీవర్ ఒళ్ళు వెడల్పు, తగులుతుంది,” అన్నాడు. నేను మురళి వైపు చూశాను. వాడు బురదలో గులకరాళ్ళు విసురుకుంటున్నాడు. ఒకే ఇల్లు, ఒకే గుమ్మం, వాడు రోజూ ఏ తీగా తగలకుండా దాటిపోతున్నాడు.

“అది దొరక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?” అని కార్ల్‌ని అడిగాను.

“రోజూ వచ్చే దారిన రాకూడదు,” అన్నాడు గడ్డం గోక్కుంటూ. “కానీ అలా చేస్తే అది బీవరెందుకవుతుంది?”

కొద్ది రోజుల్లో బీవర్లు ఒకదాని తర్వాత ఒకటి దొరికాయి. తడిసి నల్లబడ్డ ఆ ఒళ్ళూ, తెడ్డు లాంటి తోకా ట్రక్కు వెనక చూశాను. కట్ట లాగేశారు, వాగు తగ్గింది, బేస్‌మెంట్‌లో ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. అమ్మ మడత మంచం కాళ్ళకు తుప్పు గీకి, కొత్త దుప్పటి పరిచింది.

డిసెంబరులో నాన్నకు లేఆఫ్ అయింది. ఆ చలికాలం మా చుట్టుపక్కల కార్ల మీద బతికే ఇళ్ళన్నీ అలాగే ఉన్నాయి, పట్టపగలు డ్రైవ్‌వేలలో మగవాళ్ళు ఏ పనీ లేక మంచు పారబోస్తూ కనిపించేవారు. నాన్న టై విప్పకుండానే వంటింట్లో కూర్చున్నాడు. నానమ్మ మెల్లగా, కోపం లేకుండానే అంది.

“అప్పుడు పిల్లని ఇంట్లో కలిపేశాం. దాని ఫలితమేరా ఇది.”

నాకు మళ్ళీ వంతు వచ్చింది ఆ వారమే. బేస్‌మెంట్ తలుపు తెరిచి ఉంది. నేను కదల్లేదు.

“నానమ్మా, ఈ స్ట్రీట్‌లో చాలామందికి జాబ్ పోయింది. కెవిన్ వాళ్ళ డాడీకి కూడా పోయింది. వాళ్ళింట్లో అసలు గర్ల్సే లేరు!”

“వాళ్ళ సంగతి వాళ్ళ దేవుడు చూసుకుంటాడు. నువ్వు దిగు తల్లీ. మా రోజుల్లో వానలో గొడ్ల పాకలో పడుకున్నాం. నీకు హీటరుంది.”

నాన్న వైపు తిరిగాను. “నువ్వు ఇంజనీర్ కదా నాన్నా. నువ్వు బిలీవ్ చేస్తావా?”

తెలుగువాళ్ళ సమావేశాల్లో సైన్స్ గురించి అరగంట అనర్గళంగా చెప్పేవాడాయన. “బిలీవ్ చెయ్యనురా ఉషా. కానీ ఇప్పుడు రిస్క్ ఎందుకు?” అన్నాడు.

అమ్మ సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నే మళ్ళీ కడుగుతోంది.

ఎవరూ నన్ను నెట్టలేదు. చెయ్యి పట్టుకుని లాగలేదు. నమ్మకమే లేని మనిషి నా ముందు అడ్డంగా పెట్టిన ఆ చిన్న మాటకి నేను తల వంచి మెట్లు దిగాను.

మార్చిలో నానమ్మ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ నెల అమ్మ మళ్ళీ మంచం వేస్తుంటే అడిగాను, నానమ్మ లేదు కదా అని. “నాన్నకి ఉద్యోగం రానీ,” అంది. వేసవిలో వచ్చింది. అయినా మంచం తియ్యలేదు. “అంతా బావుందిగా, ఇప్పుడెందుకు మార్చడం?” చెడు జరిగితే నియమం తప్పినందుకు, మంచి జరిగితే నియమం పాటించినందుకు. ఆ ఇనప చట్రానికి ఉన్నవీ ఈ రెండు దవడలే. జ్వరం తగ్గితే నా మందు గొప్పదనీ, తగ్గకపోతే నువ్వు సరిగ్గా మింగలేదనీ చెప్పే వైద్యుడి గడప మా నాన్న తొక్కేవాడు కాదు. అలాంటి శాస్త్రాన్ని సొంత ఇంట్లో నేల కింద పెట్టి, పైన హాయిగా భోంచేశాడు. ఇది ఆడవాళ్ళకు విశ్రాంతి అని ఇప్పటికీ నాతో వాదించే పెద్దలున్నారు. విశ్రాంతి అయితే వద్దనే హక్కు ఉండాలి. వద్దనే వీలు లేనిదాన్ని ఏ భాషలోనూ విశ్రాంతి అనరు.

ఆ శరదృతువులో ఒక నెల నేను చెప్పడం మానేశాను, అంతే. కడుపునొప్పి పంటి బిగువున దాచుకుని అందరితో కూర్చుని తిన్నాను, దేవుడికి హారతి ఇస్తుంటే కళ్ళకద్దుకున్నాను. కాలేజీకి వెళ్ళేదాకా అంతే. దాన్ని విజయమనుకోలేదు. వాదించి గెలవాల్సిన చోట ఒళ్ళు సన్నం చేసుకుని జారిపోయాను. భయం మాత్రం నాతోనే ఉంది. మేడ మీద నా గదిలో, నా మంచం మీద పడుకుని కూడా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని.

గృహప్రవేశం నుంచి వస్తూ, వెనకసీట్లో కూర్చున్న అమ్మను అడిగి, ఆ పాత వీధి మీదుగా డ్రైవ్ చేశాను. వాగు లేదు. దాన్ని గొట్టాల్లో పెట్టి పైన పార్కింగ్ లాట్ వేశారు, ఇప్పుడక్కడ ఒక ఫార్మసీ, టైర్ల షాపు ఉన్నాయి. విల్లోలు లేవు, కప్పలు లేవు. అలా మంచు పారబోసిన మగవాళ్ళలో చాలామంది లేరు. నాన్న లేడు, నానమ్మ లేదు. మా ఇల్లుంది, ఎవరో దానికి నీలం రంగు వేశారు.

అమ్మకు ఎనభై దాటాయి. అద్దంలోంచి ఆ ఇంటినే చూస్తోంది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకో చెప్పాలనిపించి, ఎనిమిదో క్లాసు నుంచీ చెప్పకుండా దాచానమ్మా అన్నాను.

“నాకు తెలీదా?” అంది. “ప్యాడ్లు కొన్నది నేనేగా.”

“మరి ఏమీ అనలేదేం?”

“అంటే నీతో పాటు నేనూ దిగాల్సొచ్చేది. నేను చెప్పడం మానేసి అప్పటికే ఎన్నాళ్ళో అయింది.”

నేను కారు పక్కకి తీసి ఆపాను. ఆ ఏడాది, ఆ తర్వాత, అమ్మ మడత మంచం మీద పడుకుని ఉండగా చూసిన జ్ఞాపకం ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. లేదు. వంటింట్లో పక్కపక్కన నిలబడి ఒకే అబద్ధాన్ని ఒకరికొకరం వడ్డించుకున్నామన్నమాట.

“అయితే ఒక్కసారి నాతో చెప్పొచ్చుగా అమ్మా. ఒక్క మాట.”

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది:

“నువ్వు చెప్పావా?”