చిన్నబండి కోసం డీజిలింజను విప్పాను

ఆ రోజుల్లో, విప్పగలిగిన దేన్నైనా మళ్లీ బిగించగలనని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, విజయనగరంలో మేనత్త ఇంట్లో మకాం. వారమంతా ల్యాబులో జనం రక్తాలు పరీక్షించి, సెలవు రోజున బొమ్మ రైళ్లు కట్టుకునే ఆడపిల్లని ఇంకెక్కడా చూడలేదని మావయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. (మెచ్చుకున్నాడో, హెచ్చరించాడో నాకిప్పటికీ తెలీదు.)

ఒకసారి ఆవిరి ఇంజను కిట్టు తెప్పించాను. పెట్టె తెరిస్తే బాయిలరు, పొగగొట్టం, డ్రైవరు నిలబడే గది, చక్రాల్ని కలిపే సన్నటి కడ్డీలు ఉన్నాయి గానీ మోటారూ చక్రాలూ లేవు. వాటిని వేరే బొమ్మ ఇంజను నుంచి తీసి, ఈ ఒళ్లు దానికి తొడగాలట. మా ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, మా బావ చిన్నప్పటి డీజిలింజను. బావ ఉద్యోగానికి రాజాం వెళ్లిపోయాక అత్తయ్య దాన్ని షోకేసులో తన పెళ్లి ఫోటో పక్కన పెట్టి, ప్రతి శుక్రవారం తుడిచేది. దేవుడి పటాలకైనా ఒక వారం తప్పేదేమో.

“అత్తా, ఆ డీజిలు నాకిస్తావా? విప్పి ఆవిరింజను చేస్తాను.”

“కుట్టుమిషను కూడా నువ్వే ఇప్పినావు. ఏటైనాది?” (అది వేరే కథ.)

కిట్టు పెట్టె మీది బొమ్మ చూపించాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ పుట్టిల్లు పాతపట్నం. అక్కడ పెద్ద లైను పడకముందు సన్న పట్టాల మీద ఆవిరి బండి నడిచేది. కొత్త కోడలిగా ఆవిడ పుట్టింటికి వెళ్లింది ఆ బండిలోనే.

“ఇది మా సిన్నబండే కదే,” అంది మెల్లగా. “తీస్కో. పాడుసేస్తే మాత్రం మీ బావకి నువ్వే సెప్పుకో.”

డీజిలు పైడొప్ప ఊడదీశాక, లోపల చింతగింజంత పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్న తీరు చూసి నాకు ఊపిరాడలేదు. అక్కణ్ణుంచి సెలవులన్నీ దానికే. (ఒక పూటంతా పొగగొట్టం జిగురుతో నా బొటనవేలికే అంటుకుపోయింది. అలాగే అన్నం తిన్నాను.)

చివరికి ఒక ఆదివారం ఉదయం హాల్లో పట్టాలు పరిచి, వాటి వైరు గోడ ప్లగ్గులో పెట్టి మీట తిప్పాను. ఇంజను జానెడు దూరం కదిలి ఆగిపోయింది. ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. మోటారు కాలిపోయిందని నిశ్చయించుకుని, ఒక్కొక్క మరా తీసి మొత్తం విప్పేశాను. బావ మొహం గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది.

“ఏటే గుంటా, ఏడుస్తన్నావు?”

“చచ్చిపోయింది అత్తా.”

“ఎవలే?”

“ఇంజను.”

ఆవిడ నేలమీద పరుచుకున్న ముక్కల్ని చూసింది, నన్ను చూసింది. “కరెంటు నేదు కదే. పచ్చడి రుబ్బుదామని ఇందాకట్నుంచి మిక్సీ కాడే కూకున్నాను.”

చలికాలం కాబట్టి ఫ్యాను లేదు, పట్టపగలు కాబట్టి లైటు లేదు. నాకెలా తెలుస్తుంది?

మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. కరెంటు వచ్చింది. ఈసారి మీట మెల్లగా తిప్పాను. చక్రాలు కదిలాయి, వాటితో పాటే ఆ సన్నటి కడ్డీలు ముందుకీ వెనక్కీ, నడిచే మనిషి చేతుల్లా ఊగడం మొదలెట్టాయి. డీజిలుగా ఉన్నప్పుడు అది ఉత్తినే దొర్లేది. ఇప్పుడు అడుగులేస్తోంది. నేను కట్టినదే అని తెలిసినా, నాకేమీ తెలియనట్టు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని, చెంప నేలకానించి పడుకుంది. “ఇలాగొచ్చి సూడే. కిందనుండి సూస్తే అంత పెద్దదే ఉన్నాది.” నేనూ పక్కన పడుకున్నాను. నిజమే. గచ్చు పొడవునా ఒక నల్లటి కొండ మా కళ్లలోకి నడిచొస్తోంది.

అప్పుడే బజారు నుంచి వచ్చిన మావయ్య గుమ్మంలో సంచీ వదిలేశాడు. “ఏటైపోనాది మీకు?”

“మాటాడకు,” అంది అత్తయ్య తల తిప్పకుండా. “బండొస్తాది.”

మావయ్య చొక్కా నలగకుండా సర్దుకుని, మాకు అవతల పడుకున్నాడు.

తర్వాత ఇంతకంటే మంచి ఇంజన్లు చాలా కట్టాను. ఒక్కటీ దారిలో ఆగదు. వాటిని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని నడుపుతాను. చూసినవాళ్లు బాగుందంటారు, ఫోటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. అరచెయ్యంత ఇంజను కోసం ఇంటిల్లిపాదీ నేలమీద పడుకోవడం మామూలు విషయమనే అనుకుంది ఆ ఇరవై మూడేళ్ల పిల్ల. ఎంత అమాయకురాలో.